పడవవాడి పద్యం

దుర్గాప్రసాద్ సారు పేపర్ల కట్టలోంచి ఒకటి తీసి పక్కన పెట్టి, మిగతావి పంచడం మొదలుపెట్టాడు. పేరు పిలవడం, ప్రాక్టీసు పరీక్ష పేపరు ఇవ్వడం, దాని మీద ముద్ర వేసిన హాల్‌టికెట్ పెట్టి ఇవ్వడం. కింద బెంజ్ సర్కిల్లో హారన్ల మోతకి పేర్లు సగం వినిపించేవి. మిగతా సగం ఎవరికి వాళ్ళు ఊహించుకుని లేచేవాళ్ళు.

ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయబోయేవాళ్ళు ఆ గదిలో మొత్తం నలభై ఇద్దరు. మాల్లో సెక్యూరిటీ చేసే జోయెల్‌కి యాభై దాటాయి. చీరల షాపులో పొద్దస్తమానం చీరలు విప్పి చూపించే బ్లెస్సీకి ఇరవై రెండు. కనకలక్ష్మికి నలభై నాలుగు. మంగళగిరిలో అంగన్‌వాడీ ఆయా. ప్రతి ఆదివారం బస్సెక్కి వస్తుంది. కొంగుతో అరచేతులు తుడుచుకుంటూ తన పేరు కోసం చూసింది. నలభై ఒక్క పేర్లు అయిపోయాయి. ఆమె పేరు రాలేదు.

పక్కన పెట్టింది తన పేపరేనని అప్పటికి తెలిసిపోయింది.

"ఇప్పుడిటు చూడండి," అన్నాడు సారు. ఆయనకి ముప్పై అయిదుంటాయి. చేతిలో మైకు లేకపోయినా మైకు ఉన్నట్టే మాట్లాడతాడు. "మన క్లాసులో ఓ పండితురాలు బయల్దేరింది. భావం రాయమన్నాం. ఏం రాసిందో చదువుతా. ముందు పద్యం వినండి."

పద్యం చదివాడు. చదవడం బాగానే చదువుతాడు.

నిలువు మేటి రేడ నీవంతు రానిమ్ము
పాపలున్న తల్లి పడవ నెక్క
నేల నీది గాని నీటిపై నామాట
సాగు ననియె పడవ జరుపువాడు

"దీనికి గైడులో ఏముంది? అందరూ."

నలభై గొంతులు ఒక్కసారి లేచాయి. "ఈ పద్యమునందు రాజు యొక్క ఓర్పు, ప్రజల యెడల దయ వర్ణింపబడినవి."

"మరి కనకలక్ష్మిగారేం రాశారు?" పేపరు దీపం దగ్గర పట్టుకున్నట్టు పైకెత్తాడు. "ఈ పద్యంలో గొప్పవాడు పడవవాడు. అక్కడితో ఆగిందా? లేదు. రాజుకు ఓర్పేమీ లేదు. వేరే పడవ లేదు."

గది నవ్వింది. జోయెల్ కూడా నవ్వి, మళ్ళీ ఆపుకున్నాడు. బ్లెస్సీ నవ్వలేదు.

"ఏమ్మా, వేరే పడవ లేదని నీకెవరు చెప్పారు? రాజు ఫోన్ చేశాడా?"

కనకలక్ష్మి లేచి నిలబడింది. "మా నాన్న కృష్ణలో పడవ నడిపేవాడండీ. రేవుకి ఒకటే పడవండీ. ఏరు పొంగినప్పుడు అదీ ఉండదు."

"మీ నాన్న సంగతి ఇక్కడెవరడిగారు?"

"సొంతమాటల్లో రాయండి అని ప్రశ్నలోనే ఉందండీ."

"అది ప్రింటమ్మా. ప్రతి ఏడూ అట్లాగే వస్తుంది. బస్సు మీద చేయి బయట పెట్టరాదు అని ఉంటది, పెట్టట్లా మనం?"

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. సారు నవ్వలేదు. పేపరు బల్ల మీద పెట్టి, కొంచెం గొంతు తగ్గించాడు.

"చూడు. దిద్దేవాడికి టైముండదు. వాడి కంటికి కావాల్సింది మూడు మాటలు. రాజు, ఓర్పు, దయ. మూడు టిక్కులు కొట్టి పక్కకి తోస్తాడు. నీ పడవవాడి దగ్గర టిక్కు ఎక్కడ కొడతాడు? నా సెంటర్లో ఇంతవరకూ ఒక్కళ్ళు తప్పలేదు. నీతో మొదలుపెట్టమంటావా?"

ఆమె బల్ల మీదున్న తన పేపరుకేసి చూసింది.

"గైడు జవాబు యాభైసార్లు ఇంపొజిషన్ రాయి. శుక్రవారం చివరి క్లాసుకి పట్రా. చూసి హాల్‌టికెట్ ఇస్తా. రాయనంటావా, ఈసారికి మానెయ్. వచ్చేసారి రాద్దువుగాని."

వచ్చేసారి అన్నది ఆయన నోటికి తేలిగ్గా వచ్చింది. ఆమె పనిచేసే అంగన్‌వాడీలో పద్మావతమ్మ టీచరు ఈ వేసవిలో రిటైరవుతోంది. పది పాసైన ఆయా ఉంటే ఆ కుర్చీ ఆయాకే ఇస్తామని సూపర్‌వైజరు చెప్పింది. ఫలితాలు వచ్చేదాకా ఆగుతామంది. కానీ వయసుకి హద్దుంది. వచ్చేసారికి కనకలక్ష్మి ఆ హద్దు దాటిపోతుంది. ఆ కుర్చీలోకి బయటినుంచి ఎవరో వస్తారు. ఆమె వాళ్ళకి కూడా నీళ్ళు అందిస్తుంది.

"సరేనండీ," అని కూర్చుంది.

తరువాతి గంట ఇంగ్లీషు. హి గోస్, షి గోస్, దే గో. సారు బోర్డు మీద రాశాడు, అందరూ పాడారు. కనకలక్ష్మికి సందేహం వచ్చింది. ఇంకొకరయితే ఆ రోజుకి ఊరుకునేవాళ్ళు.

"ఒక్కడికి ఎస్సు పెట్టి పదిమందికి ఎందుకు పెట్టరండీ?"

సారు చాక్‌పీసు కిందపెట్టాడు. "ఎందుకు అనేది తెలుగుకే లేదన్నాం. ఇంగ్లీషుకి ఎక్కణ్ణుంచొస్తది?"

మెట్లు దిగుతుంటే బ్లెస్సీ వెనకాలే పరిగెత్తుకొచ్చింది. "ఆంటీ, నెట్ సెంటర్లో తీసేసుకుందాం హాల్‌టికెట్. ఈయన దగ్గరెందుకు?"

"నంబరు ఆయన దగ్గరే ఉందే. తీసినా స్టడీ సెంటర్ ముద్ర కొట్టాలి. ముద్ర ఆయన సొరుగులో ఉంది."

"అయితే రాసెయ్యండి. పాతిక నేను రాస్తా. మీ చేతిరాత నాకొచ్చు. మీరు 'క' కి తలకట్టు పెద్దగా పెడతారు."

"నువ్వెందుకు రాయడం? శిక్ష నాకేశాడు."

"శిక్షే గదాంటీ, విందు భోజనం కాదుగా పంచుకోకపోవడానికి."

కనకలక్ష్మి నవ్వింది. మంగళగిరి బస్సు వచ్చింది. ఎక్కింది.

*

సోమవారం ఎనిమిదిన్నరకి అంగన్‌వాడీ తాళం తీసింది. ముందుగది ఊడ్చి, చాపలు దులిపి పరిచింది. గిన్నెలో గుడ్లు ఒక్కొక్కటే దించింది. పైనించి వేస్తే పగులుతాయి. చేత్తో అడుగుదాకా తీసుకెళ్ళి వదలాలి. ఇరవై మూడు. పప్పు కడిగి కుక్కరు పెట్టింది. ఎదురు వీధిలో మగ్గాల చప్పుడు అప్పటికే మొదలైంది. ఆ ఇళ్ళల్లో తల్లులు రాట్నం దగ్గర కూర్చునే ముందు పిల్లల్ని తెచ్చి ఇక్కడ దించి వెళ్ళిపోతారు. దించేటప్పుడు పిల్లల తలల్లో నూలు పోగులు ఉంటాయి. ఆమె వాటిని తీసి పారేస్తుంది.

పద్మావతమ్మ టీచరు తొమ్మిదింటికి వచ్చి, కుర్చీలో కూర్చుని మోకాళ్ళు రెండు చేతులతో వత్తుకుంది. ఫోను తీసి పిల్లల ఫొటోలు కొట్టి యాప్‌లో పెట్టింది. పాట చెప్పేది, కథ చెప్పేది, పలక పట్టించేది కనకలక్ష్మే. అది ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు.

"ఇచ్చాడా టికెట్టు?"

జరిగింది చెప్పింది. పద్మావతమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఈ వయసులో ఇంపొజిషనా! బెంచీ ఎక్కించలా?"

"బెంచీలు విరుగుతాయని ఊరుకున్నాడేమో."

"రాసి పడెయ్యవే. యాభై ఎంతసేపు? నేను రోజూ ఈ యాప్ అడిగిందే కొట్టట్లా? ఇదేందని అడిగానా ఎప్పుడన్నా?"

"మీరు అడక్కపోబట్టే గదండీ మోకాళ్ళు అరిగింది."

"నోరు చూడు దీనికి. ఈ నోరు అక్కడ తెరవబాకు. టికెట్టు తీసుకున్నాక తెరువు."

గుడ్లు ఒలిచేటప్పుడు పిల్లల్ని వరసలో కూర్చోబెట్టి, ఒక్కొక్కడి చేతిలో పెడుతూ ఇంగ్లీషు తనకి తనే చెప్పుకుంది. చిట్టి ఈట్స్. బాబీ ఈట్స్. అందరికీ పెట్టాక నిలబడి చూసింది. పిల్లలు ఈట్. ఒక్కడే ఉన్నప్పుడు తోడుకి ఓ ఎస్సు పెడతారు కాబోలు. పదిమంది ఉన్నప్పుడు తోడెందుకు. ఇది సారు చెప్పింది కాదు. తప్పో ఒప్పో తెలీదు. కానీ ఇక ఎప్పటికీ మర్చిపోదు.

మధ్యాహ్నం పిల్లలు పడుకున్నారు. పద్మావతమ్మ కుర్చీలోనే తల వాల్చింది. కనకలక్ష్మి గోడకి ఆనుకుని, ఒళ్ళో కొత్త నోటుబుక్కు పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. ఈ పద్యమునందు రాజు యొక్క ఓర్పు, ప్రజల యెడల దయ వర్ణింపబడినవి. ఒకటి. మళ్ళీ. రెండు. మూడోదానికి మాటలు పోయి గీతలు మిగిలాయి. చేయి తన పాటికి తాను పోతోంది. అయిదు. ఆరు. ఏడోసారి ఓర్పు అన్న మాట దగ్గర పెన్ను ఆగింది. అక్కడ రాజు పేరు తీసేసి తన పేరు రాసినా సరిపోతుందనిపించింది. ఓర్చుకునేది ఎవరు, మెచ్చుకోలు ఎవరికి.

చాప చివర పడుకున్న పిల్ల దగ్గింది. ఆమె పెన్ను మూసి, వెళ్ళి పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టింది. అక్కడున్నంతసేపూ మళ్ళీ పుస్తకం తెరవలేదు.

*

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి తండ్రి జక్కయ్య అరుగు మీద కూర్చుని నులకతాడు పేనుతున్నాడు. ఎనభై ఏళ్ళు. నది ఒడ్డు వదిలి కూతురి దగ్గరికి వచ్చాక కూడా చేతులు తాడు లేకుండా ఉండవు. ఎవరికి కావాలని అడిగితే ఎవరికో ఒకరికి అంటాడు. అంతకంటే మాట్లాడడు.

కనకలక్ష్మి టీ గ్లాసు పక్కన పెట్టి, మెట్టు మీద కూర్చుంది. పొద్దు ఇంకా వాలలేదు.

"నాన్నా, ఓ పద్యం చదువుతా. విను."

చదివింది. ఆయన తాడు పేనుతూనే ఉన్నాడు. అర్థం చెప్పబోయింది. చేయెత్తి ఆపాడు.

"అర్థమయింది. మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది. మూడో పాదం దగ్గర తాడు ఆపాడు.

"ఎవురు రాశారు?"

"ఎప్పుడో పాతకాలంలోదంట."

"రేవు చూసినోడు రాశాడు."

"దీని తరవాతి పద్యంలో రాజు నవ్వి ఒడ్డున నిలబడ్డాడని ఉంది. అందుకని ఇది రాజు ఓర్పు గురించని గైడులో రాశారు. రాజు దయ అంట."

జక్కయ్య టీ తాగి, గ్లాసు అరుగు మీద బోర్లించాడు.

"దయేందమ్మాయ్. పిల్లతల్లి ముందెక్కి నడుం పలక మీద కూర్చోవాల. మగోళ్ళు ముందెక్కితే నడుమంతా ఆళ్ళే నిండుతారు. పిల్లలు అంచుకొస్తారు. అంచున పిల్లోడు నీళ్ళకేసి వంగితే పడవ వంగుద్ది. అందరూ పోతారు. రాజూ పోతాడు. అందుకని రాజు ఆఖర్న ఎక్కాల. దాంట్లో దయ లేదు, ఓర్పూ లేదు. అది పడవ పద్ధతి."

ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడి ఎన్నేళ్ళయిందో. కనకలక్ష్మి కదలకుండా కూర్చుంది.

"నువ్వెప్పుడన్నా ఆపావా అట్టాంటోళ్ళని?"

"తాసిల్దార్ని దించా ఓసారి. ముందే ఎక్కి నడుమ కూర్చున్నాడు. దిగండి బాబూ అన్నా. కేసు పెడతా నీమీద అన్నాడు. పెట్టండి బాబూ, స్టేషను అవతలొడ్డున ఉంది, ఎట్టా పోతారు అన్నా."

ఆమె పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు.

"నవ్వుతున్నావు. ఆ పూట నాకు కాళ్ళు ఒణికినయ్. గెడ పట్టుకున్నా గదా, ఎవరికీ కనపళ్ళా."

మళ్ళీ తాడు అందుకున్నాడు. ఇక ఆ రోజుకి ఆయన మాటలు అయిపోయాయి.

కనకలక్ష్మి లోపలికి వెళ్ళి నోటుబుక్కు తెచ్చుకుంది. ఏడు వరసల మీద ఒకే అడ్డగీత గీసింది. పేజీ తిప్పి, పైన ఒకటి అంకె వేసి, గుండ్రం చుట్టింది.

*

మంగళవారం, బుధవారం, గురువారం రాసింది. పొద్దున పాలు కాగేలోపు రాసింది. మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయాక రాసింది. సాయంత్రం అరుగు మీద తండ్రి పక్కన రాసింది. భర్త ట్రాలీ ఆటో తోలుకుని వచ్చి, ఇదేం పిచ్చి అని చూసి, తనే అన్నం వడ్డించుకుని తిన్నాడు. "వడ్డించుకోవడం వచ్చే నీకు!" అందామె తలెత్తకుండా. "ఇంపొజిషన్ పడితే అన్నీ వస్తాయి," అన్నాడతను.

ఒక్కో జవాబు ఎనిమిది తొమ్మిది వరసలు. గైడు జవాబయితే ఒక వరసతో పోయేది. చూపుడువేలు పక్కన బొబ్బ లేచింది. దానికి గుడ్డపీలిక చుట్టుకుంది.

ఒకటి మాత్రం ఆమె అనుకోలేదు. ఒకటే జవాబు యాభైసార్లు రాద్దామని కూర్చుంది. అది ఒకటిగా ఉండలేదు. పదోసారి రాసేటప్పుడు ఒక వాక్యం ఎక్కువనిపించి వదిలేసింది. పందొమ్మిదోసారి, 'రాజు చెడ్డవాడు' అని రాసిందల్లా కొట్టేసింది. పద్యంలో రాజు చెడ్డ పనేం చేయలేదు. నిలబడ్డాడు. కోపం తనది, పద్యానిది కాదు. సారు మీద కోపం తెచ్చి రాజు మీద పెట్టింది. ముప్పై ఒకటోసారి రాస్తుంటే పడవవాడికి భయం వేసి ఉంటుందని తట్టింది. రాజు చుట్టూ కత్తులుంటాయి. వీడి చేతిలో గెడ. ఆ మాట రాశాక ఇంక ఏం చేర్చాలనిపించలేదు. అక్కణ్ణుంచి యాభై దాకా ఒక్క అక్షరం మారలేదు.

గురువారం మధ్యాహ్నం పద్మావతమ్మ కళ్ళజోడు పెట్టుకుని చివరి పేజీ చదివింది. మొదట్లో ఊరికే చదివింది. మధ్యలో కుర్చీలో ముందుకి జరిగింది.

"ఇది గైడులోది కాదుగా."

"కాదండీ."

"టికెట్టు ఇవ్వడు వాడు."

"తెలుసండీ."

పద్మావతమ్మ పుస్తకం తిరిగి ఇవ్వకుండా కాసేపు ఒళ్ళోనే ఉంచుకుంది. "నాకు డిగ్రీ ఉందే," అంది. "నేనెప్పుడూ ఇట్టా ఒక్కటి కూడా రాయలా." పుస్తకం ఇచ్చింది. "రేపు మధ్యాహ్నం నించి నువ్వెళ్ళు. గిన్నెలు నేను కడుక్కుంటా."

"మోకాళ్ళండీ మీకు..."

"గిన్నెలు మోకాళ్ళతో కడుగుతారా? పో."

*

శుక్రవారం మూడింటికి గది నిండా ఉన్నారు. తెల్లవారితే తెలుగు పరీక్ష. కనకలక్ష్మి నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళి నోటుబుక్కు పెట్టింది.

దుర్గాప్రసాద్ సారు పుస్తకం అందుకుని, బొటనవేలితో పేజీలు జరజరా తిప్పాడు. ఆయన కళ్ళు పేజీ పైనున్న గుండ్రాల మీదే ఉన్నాయి. పది, ఇరవై, ముప్పై. చివరి పేజీలో యాభై చూసి పుస్తకం మూసేశాడు.

"యాభై. అదీ!" మొహం విప్పారింది. పుస్తకం ఎత్తి అందరికీ చూపించాడు. "చూశారా, ఎంత లావు రాసిందో? ఈ వయసులో ఈమె రాసిందంటే మీకేం రోగం? అందుకే నేను గట్టిగా ఉండేది. మంచికే గట్టిగా ఉండేది."

సొరుగు లాగి ముద్ర తీశాడు. ఇంకు అద్ది, హాల్‌టికెట్ మీద గట్టిగా నొక్కాడు. ఆమె చేయి చాపింది. ఆయన ఇవ్వలేదు. ఇంకు ఆరడానికి గాలిలో ఊపుతూ అన్నాడు.

"ఆగమ్మా. నువ్వే ఒకసారి గట్టిగా చదువు. మిగతావాళ్ళు రాసుకోండి. చివరిసారి. రేపు ఈ పద్యం వస్తే కళ్ళు మూసుకుని రాయాలి."

నలభై ఒక్క పుస్తకాలు తెరుచుకున్నాయి. సారు ఫోను మోగింది. హాల్‌టికెట్ ఎడమచేతిలోనే పట్టుకుని, ఫోను చెవికి పెట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. కింద హారన్లు. రెండో చెవి వేలితో మూసుకున్నాడు.

కనకలక్ష్మి బల్ల పక్కన నిలబడి పుస్తకం తెరిచింది. గైడు జవాబు నాలుక చివరే ఉంది. పుస్తకంలోకి చూస్తూ అదే చదివేయొచ్చు. ఒక్క వాక్యం. ఎవరికీ తెలీదు. చదివేసి, టికెట్టు తీసుకుని, అయిదింటి బస్సు ఎక్కొచ్చు. ఆయన పిడికిట్లోంచి టికెట్టు అంచు కనపడుతోంది. ఆమె ఫొటో ఉన్న వైపు. కాళ్ళు వణికాయి. పట్టుకోవడానికి పుస్తకం తప్ప ఏమీ లేదు.

మొదటి బెంచీలోంచి బ్లెస్సీ మెల్లగా అంది. "చదివెయ్యండాంటీ."

ఏది చదివేయమందో ఆమె అడగలేదు. చదివింది.

"ఈ పద్యంలో గొప్పవాడు పడవవాడు."

పెన్నులు కదిలాయి. ఒకరిద్దరు తలెత్తారు. మిగతావాళ్ళు రాసుకుంటూనే ఉన్నారు. ఇన్ని నెలలుగా ఆ గదిలో ఏది చదివితే అది రాశారు. చెయ్యి ఆగి ఆలోచించే అలవాటు ఎవరికీ లేదు.

"పిల్లలున్న తల్లిని ముందు ఎక్కించి నడుమ కూర్చోబెట్టాలి. అది పడవ పద్ధతి. నడుమ బలంగా ఉంటేనే పడవ నిలుస్తుంది. రాజుకు దేశం ఏలడం తెలుసు, ఏరు దాటించడం తెలీదు. తెలియని పని దగ్గర తెలిసినవాడి మాట వినాలి. రాజు విన్నాడు. నవ్వాడని తరువాతి పద్యంలో ఉంది. నవ్వకపోయినా నిలబడాల్సిందే."

జోయెల్ రాయడం ఆపాడు. పెన్ను పట్టుకుని ఆమెకేసి చూస్తున్నాడు.

"పడవవాడికి భయం వేసే ఉంటుంది. రాజు తలుచుకుంటే వాడి పడవా ఉండదు, వాడూ ఉండడు. అయినా ఆ మాట అన్నాడు. కవి ఈ పద్యం రాసింది రాజు ఆగినందుకు కాదు. వాడు ఆపినందుకు."

సారు ఫోను పెట్టేసి వెనక్కి తిరిగాడు. చివరి రెండు వాక్యాలు ఆయనకి వినిపించాయి.

"ఏం చదువుతున్నావ్?"

"రాసింది చదువుతున్నానండీ."

ఆయన వచ్చి పుస్తకం లాక్కున్నాడు. మొదటి పేజీలో కొట్టేసిన వరసలు చూశాడు. మధ్యలో ఒక పేజీ చూశాడు. చివరి పేజీ చూశాడు. మెడ దగ్గర ఎర్రబడింది.

"యాభైసార్లూ ఇదేనా?"

"మొదట్లో కొంచెం తేడా ఉందండీ. ముప్పై ఒకటి నించి ఇదే."

ఎవరో కిసుక్కుమన్నారు. సారు క్లాసు వైపు తిరిగాడు. "కొట్టెయ్యండి! రాసుకున్నది కొట్టెయ్యండి అందరూ!"

పేజీల మీద గీతలు పడుతున్న చప్పుడు. కొందరు కొట్టేశారు. కొందరు చుట్టుపక్కల చూశారు. జోయెల్ లేచి నిలబడ్డాడు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, నీలం యూనిఫారంలోనే ఉన్నాడు.

"సార్, దీంట్లో తప్పేందో చెప్పండి. కొట్టేస్తా."

"గైడులో లేదు."

"లేదని తెలుసు సార్. తప్పేందని."

"నువ్వు కూర్చో జోయెల్. నీకు మూడుసార్లు చెప్పినా నోటికి రాలేదు గైడు జవాబు."

"రాలేదు సార్. ఇది ఒక్కసారి విన్నా, వచ్చేసింది."

సారు కనకలక్ష్మి వైపు తిరిగి టికెట్టు ఎత్తి చూపించాడు. "ఇది కావాలా, వద్దా?"

ఆమె చేయి చాపింది. వేలికి గుడ్డపీలిక అలాగే ఉంది.

"కావాలండీ. దాని మీద నా ఫొటో ఉంది. నా పేరుంది. మా నాన్న పేరుంది. మీ ముద్ర కూడా పడింది. ఇంకేం కావాలి దానికి?"

"సున్నా వస్తుంది నీకు."

"సున్నా వేసేది మీరు కాదు గదండీ. వేసేవాళ్ళు చదివి వేస్తారు. మీరు చదవకుండానే యాభై అన్నారు."

గదిలో ఎవరూ నవ్వలేదు. జోయెల్ కూర్చోలేదు. బ్లెస్సీ లేచింది. ఆమె పక్కమ్మాయి కూడా లేచింది, ఎందుకు లేచిందో తనకీ తెలిసినట్టు లేదు. లేచి నిలబడింది.

దుర్గాప్రసాద్ సారు ఆ నిలబడ్డవాళ్ళని చూశాడు. పుస్తకం బల్ల మీద పడేసి, దాని పక్కన టికెట్టు పెట్టాడు. పెట్టి వేలు ఇంకా దాని మీదే ఉంచాడు.

"నీ ఇష్టం. తప్పితే మాత్రం ఎక్కడా నా సెంటర్ పేరు చెప్పబాకు."

"పాసైనా చెప్పనండీ," అంది కనకలక్ష్మి.

ఆయన వేలు తీశాడు. ఆమె టికెట్టు తీసుకుని, ఇంకు ఆరిందో లేదో వేలి వెనకతో తాకి చూసి, జాకెట్లో కాకుండా పుస్తకంలో పెట్టుకుంది. నమస్కారం పెట్టింది. అది ఎగతాళికి కాదు. పద్యం ఆయన నోటనే మొదట వింది.

*

శనివారం. గుణదలలో ఒక స్కూలు. అయిదో తరగతి పిల్లల బెంచీలు. కనకలక్ష్మి మోకాళ్ళు పైపలకకి తగులుతున్నాయి. పక్కకి తిరిగి కూర్చుంది.

ప్రశ్నపత్రం వచ్చింది. పడవవాడి పద్యం లేదు. పేపరు తిప్పి చూసింది. వెనకవైపూ లేదు. ఎండాకాలంలో బావి తవ్వేవాళ్ళ మీద ఒక పద్యం ఇచ్చారు. గైడులో దీనికీ జవాబుంది. శ్రమ యొక్క గొప్పదనం, సమాజ సేవ. రెండు మాటలు, రెండు టిక్కులు. చదివిన మరుక్షణం అది తనంతట తానే వచ్చి నోట్లో కూర్చుంది. ఎప్పుడు నోటికొచ్చిందో కూడా తెలీదు. పెన్ను మొన కాగితం మీద ఆనింది.

రెండు వరసల అవతల జోయెల్ తల వంచుకుని రాస్తున్నాడు. ఏది రాస్తున్నాడో ఇక్కణ్ణుంచి కనపడదు.

ఆమె పెన్ను పైకి తీసింది. పద్యం మళ్ళీ మొదటి నుంచి చదివింది. తవ్వేవాడు అడుగున ఉన్నాడు. నీటి చెమ్మ మొదట తగిలింది వాడి అరికాలికి. పైనున్న ఊరంతా వంగి చూస్తోంది. ఆ అరికాలు అన్న మాట దగ్గర ఆగింది. మూడోసారి చదివింది. గోడ గడియారంలో పది నిమిషాలు పోయాయి. చుట్టూ అందరూ పేజీలు తిప్పుతున్నారు. ఆమెది ఇంకా తెల్లగానే ఉంది.

అప్పుడు మొదలుపెట్టింది.

మధ్యలో ఇన్విజిలేటరు ఒకసారి పక్కనించి వెళుతూ ఆగి, తలవంచి చదివి, ముందుకి పోయింది. ఇంగ్లీషు పరీక్ష ఎల్లుండి. హి గోస్, దే గో. దాన్ని ఎల్లుండి చూసుకోవచ్చు. చేయి నొప్పి పుడితే విదిలించి మళ్ళీ రాసింది. బుక్‌లెట్‌లో చివరి పేజీ చివరి వరస దాకా వచ్చింది. చెప్పాల్సింది ఇంకా ఉంది.

కనకలక్ష్మి చేయి ఎత్తింది.

"ఏంటమ్మా? మంచినీళ్ళా?"

"కాదండీ. అడిషనల్ షీటు."

గదిలో తలలు తిరిగాయి. ఇన్విజిలేటరు బల్ల దగ్గరికి వెళ్ళి కట్ట విప్పి, అందులోంచి మొదటి కాగితం తీసి, దాంతోపాటు ఒక తెల్లదారం ముక్క తెచ్చింది. కాగితాన్ని బుక్‌లెట్‌కి తనే కట్టబోయింది.

"ఇటివ్వండి, నేను కట్టుకుంటా," అని కనకలక్ష్మి దారం తీసుకుంది.